ఆటస్థలం కోసం ఒక ఏడాది: ఇంగ్లండ్ పల్లెలో పారిష్ కౌన్సిల్ పని తీరు

తూర్పు ఇంగ్లండ్‌లో ఒక చిన్న పల్లె పారిష్ కౌన్సిల్‌కి, అంటే మన పంచాయతీ లాంటి ఊరి కౌన్సిల్‌కి, నేను క్లర్క్‌ని. పార్ట్‌టైమ్ ఉద్యోగం. కౌన్సిల్‌కి నేను తప్ప ఇంకో ఉద్యోగి లేరు. ఒక ఏడాది పొడవునా ఇక్కడ పని ఎలా నడుస్తుందో చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. అన్నీ వరసగా చెబితే ఏదీ గుర్తుండదు కాబట్టి ఒకే వ్యవహారం పట్టుకుని చెబుతాను: పిల్లల ఆటస్థలంలో పుచ్చిపోయిన కర్ర క్లైంబింగ్ ఫ్రేమ్ తీసేసి కొత్తది పెట్టించడం. ఊరి పేరూ మనుషుల పేర్లూ రాయను. డబ్బు లెక్కలు రౌండ్ ఫిగర్లలో ఇస్తున్నాను. చట్టాలు, గడువులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఇంత చిన్న కౌన్సిల్‌కి డబ్బు తక్కువ, అధికారం ఇంకా తక్కువ. దానికున్న బలం గడువు తేదీలను సరిగ్గా వాడుకోవడమే. శరదృతువులో బడ్జెట్‌లోకి ఎక్కని పని మళ్లీ ఏడాది దాకా ఎక్కదు. ఎజెండాలో లేని విషయం మీద అందరూ చేతులెత్తినా అది తీర్మానం కాదు. ఈ రెండూ తెలిసిన ఊళ్లో పనులు జరుగుతాయి. తెలియని ఊళ్లో మీటింగులు మాత్రమే జరుగుతాయి.

ముందు కౌన్సిల్ సంగతి

పారిష్ అంటే చర్చి వ్యవహారం అనుకుంటారు. ఒకప్పుడు నిజమే, ఊరి పనులు చర్చి సభల్లోనే నడిచేవి. 1894 నాటి లోకల్ గవర్నమెంట్ చట్టం ఊరి పాలనను చర్చి నుంచి విడదీసి, ఎన్నికైన పారిష్ కౌన్సిళ్లను పెట్టింది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఇవి, టౌన్ కౌన్సిళ్లతో కలిపి, దాదాపు పదివేలు. మన గ్రామ పంచాయతీకి దగ్గరి చుట్టం అనిపిస్తుంది గానీ తేడాలు చాలానే ఉన్నాయి. పంచాయతీ ఇంటి పన్ను తనే వసూలు చేసుకుంటుంది. ఇక్కడ కౌన్సిల్ తనకెంత కావాలో జిల్లా కౌన్సిల్‌కి చెబుతుంది, వాళ్లు దాన్ని ప్రతి ఇంటి కౌన్సిల్ టాక్స్ బిల్లులో కలిపి వసూలు చేసి మాకిస్తారు. ఆ మొత్తాన్ని ప్రిసెప్ట్ అంటారు. మన దగ్గర పంచాయతీ సెక్రటరీ ప్రభుత్వ ఉద్యోగి. ఇక్కడ క్లర్క్‌ని నియమించుకునేదీ జీతం ఇచ్చేదీ కౌన్సిలే.

అన్నిటికంటే పెద్ద తేడా చైర్మన్ విషయంలో. మన సర్పంచ్‌కి ఉన్నట్టు ఇక్కడి చైర్మన్‌కి సొంతంగా నిర్ణయం తీసుకునే అధికారం లేదు. 1972 లోకల్ గవర్నమెంట్ చట్టం సెక్షన్ 101 ప్రకారం కౌన్సిల్ తన అధికారాన్ని ఒక కమిటీకి ఇవ్వొచ్చు, ఉద్యోగికి ఇవ్వొచ్చు, ఒక్క కౌన్సిలర్‌కి మాత్రం ఇవ్వలేదు. నిర్ణయాల విషయంలో, ఓట్లు సమానంగా పడ్డప్పుడు వేసే కాస్టింగ్ ఓటు ఒక్కటే చైర్మన్ ప్రత్యేకత. కొత్తగా వచ్చిన కౌన్సిలర్లకు ఇది నమ్మబుద్ధి కాదు. "నేను మాట్లాడి సెటిల్ చేసేస్తా" అని ఉత్సాహంగా కాంట్రాక్టరుకి ఫోన్ చేయబోతారు. ఆపడం నా పని.

మే, జూన్

మా ఏడాది మే నెలలో మొదలవుతుంది. చట్టం ప్రకారం వార్షిక సమావేశం మేలో జరగాలి, అందులో మొదటి అంశం చైర్మన్ ఎన్నిక. అదయ్యాక నియమావళి, ఇన్సూరెన్స్, బ్యాంకు సంతకాలు లాంటివి ఒక్కొక్కటిగా తిరిగి ఆమోదించుకుంటారు. ఆ సాయంత్రమే ఆటస్థలం రిపోర్టు టేబుల్ మీదికి వచ్చింది. ఏటా బయటి ఇన్‌స్పెక్టర్ వచ్చి ఉయ్యాలలు, జారుడుబల్ల, కింద నేల, కంచె అన్నీ చూసి ఒక్కోదానికి రిస్క్ ఎంతో రాసిస్తారు. కొలమానం ఈఎన్ 1176 అనే యూరోపియన్ ప్రమాణం. క్లైంబింగ్ ఫ్రేమ్ స్తంభాలు భూమి మట్టం దగ్గర లోపల కుళ్లిపోయాయని, పైకి బాగానే కనిపిస్తున్నా పిల్లల్ని ఎక్కనివ్వకూడదని రాశారు.

రిపోర్టు మీటింగ్ రోజున వచ్చి ఉంటే ఆ సాయంత్రం ఏ నిర్ణయమూ కుదిరేది కాదు. ఎజెండాను మూడు క్లియర్ డేస్ ముందు నోటీసుబోర్డులో పెట్టాలి. నోటీసు పెట్టిన రోజు, మీటింగ్ రోజు, ఆదివారాలు, బ్యాంకు సెలవులు లెక్కలోకి రావు. మా మీటింగ్ మంగళవారం, కాబట్టి అంతకుముందు బుధవారమే కాగితం బోర్డులో ఉండేలా చూసుకుంటాను. రిపోర్టు దానికి ముందే అందింది. "ఫ్రేమ్ మూసివేత, తదుపరి చర్య" అని అంశం స్పష్టంగా రాశాను. "ఆటస్థలం" అని ఒక్క మాట రాసి వదిలేసే క్లర్కులు ఉన్నారు. ఏం నిర్ణయించబోతున్నారో చదివినవాళ్లకు తెలియాలి, ఎజెండా పెట్టేదే అందుకు. కౌన్సిల్ ఫ్రేమ్ చుట్టూ కంచె వేసి మూసేయాలని తీర్మానించింది. మర్నాడే మూసేశాం.

మూసిన వారంలోనే తల్లిదండ్రులు ఒక గ్రూపుగా ఏర్పడ్డారు. కేకులు అమ్మి, ఊరి హాల్లో క్విజ్ నైట్లు పెట్టి డబ్బు పోగుచేస్తాం, మేమే కొత్తది కొంటాం అన్నారు. వాళ్ల తొందర నాకు అర్థమైంది. మూతపడిన ఫ్రేమ్ పక్కనుంచే రోజూ పిల్లల్ని బడికి తీసుకెళ్లేది వాళ్లు.

వాళ్లకి చెప్పిన మొదటి మాట వ్యాట్ గురించి. కొత్త ఫ్రేమ్, కింద మెత్తటి నేల, పాతది తీసేయడం అన్నీ కలిపి 24,000 పౌండ్లు అనుకుంటే దాని మీద 20 శాతం వ్యాట్ 4,800. తల్లిదండ్రుల గ్రూపు కొంటే ఆ 4,800 తిరిగి రాదు. కౌన్సిల్ ఆర్డర్ పెట్టి, తన పేరున బిల్లు తీసుకుని, తన ఖాతా నుంచి కట్టి, వస్తువును తన ఆస్తిగా ఉంచుకుంటే వ్యాట్ చట్టం సెక్షన్ 33 కింద ఆ మొత్తం వెనక్కి వస్తుంది. కాబట్టి వాళ్లు పోగుచేసిన డబ్బును ఏ ప్రతిఫలమూ ఆశించని విరాళంగా కౌన్సిల్‌కి ఇవ్వాలి, కొనడం కౌన్సిల్ చేయాలి. చివరికి వాళ్లు 4,000 పౌండ్లు పోగుచేశారు. అంటే వాళ్ల కష్టం మొత్తం కంటే వ్యాట్ ఎక్కువ! ఊళ్లో స్వచ్ఛందంగా డబ్బు సేకరించే ఎవరికైనా నేను ముందు చెప్పేది ఇదే, కొనేముందు మీ పారిష్ క్లర్క్‌తో మాట్లాడండి.

జూన్ అంతా లెక్కలు. మార్చి 31తో ముగిసిన ఏడాది జమాఖర్చులను ఇంటర్నల్ ఆడిటర్ చూశాక, వార్షిక రిటర్న్‌ను జూన్ 30 లోపు కౌన్సిల్ ఆమోదించాలి. తర్వాత 30 పనిదినాల పాటు ఊళ్లో ఎవరైనా వచ్చి వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు చూడొచ్చు. జూలై మొదటి పది పనిదినాలు ఆ గడువులో తప్పనిసరిగా ఉండాలి. ఏడాది ఆదాయమూ ఖర్చూ 25,000 పౌండ్లకు మించని కౌన్సిళ్లు బయటి ఆడిట్ నుంచి మినహాయింపు తీసుకోవచ్చు. మేము ఎప్పుడూ ఆ గీత కిందే ఉండేవాళ్లం. ఆటస్థలం బిల్లు కట్టే ఏడాది మాత్రం గీత దాటుతాం, ఆడిట్ ఫీజు అదనం అని అప్పుడే బడ్జెట్ నోట్స్‌లో రాసిపెట్టుకున్నాను.

ఇళ్లు వద్దన్నవాళ్లే

జూలైలో ఊరి చివర పొలంలో కొన్ని ఇళ్లు కట్టడానికి ప్లానింగ్ దరఖాస్తు వచ్చింది. హాలు నిండిపోయింది. మామూలు మీటింగులకు ఇద్దరు ముగ్గురు వస్తారు. ప్లానింగ్‌లో పారిష్ కౌన్సిల్‌కి నిర్ణయాధికారం లేదు, 21 రోజుల్లో అభిప్రాయం పంపడమే. ఆ అభిప్రాయానికి విలువ ఉండాలంటే ప్లానింగ్ చట్టం లెక్కలోకి తీసుకునే కారణాలే రాయాలి: రోడ్డు భద్రత, మురుగునీరు, వరద, పాత కట్టడాల మీద ప్రభావం. "మా కిటికీలోంచి కనబడే పొలం పోతుంది", "మా ఇంటి రేటు తగ్గుతుంది" అన్నవి లెక్కలోకి రావు. ఇది చెబితే జనానికి కోపం వస్తుంది. ఆ సాయంత్రం ఒక పెద్దావిడ డ్రైనేజీ గురించి, నలభై ఏళ్లుగా ఏ వానకి నీళ్లు ఎంతదాకా వస్తాయో, ఏ కాలువ ఎక్కడ పూడిందో వివరంగా చెప్పారు. మేం పంపిన అభిప్రాయంలో పనికొచ్చిన భాగమంతా ఆవిడ చెప్పిందే.

ఆటస్థలానికి సింహభాగం డబ్బు వచ్చింది కూడా అంతకుముందు కట్టిన ఇళ్ల నుంచే. కొత్త ఇళ్లు కట్టేవాళ్లు జిల్లా కౌన్సిల్‌కి కమ్యూనిటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లెవీ కడతారు, దాన్ని సిల్ అంటారు. ఈ లెవీ పెట్టిన జిల్లాల్లో దాంట్లో 15 శాతం ఆ పారిష్‌కి వస్తుంది. ఊరు సొంతంగా నైబర్‌హుడ్ ప్లాన్ తయారుచేసుకుని రిఫరెండంలో గెలిపించుకుంటే 25 శాతం. మాకు ప్లాన్ లేదు. ఏప్రిల్ 28, అక్టోబర్ 28 ఈ డబ్బు జమయ్యే గడువులు, అందిన డబ్బును ఐదేళ్లలో ఖర్చు చేయకపోతే జిల్లా వెనక్కి అడగొచ్చు. మా దగ్గర 8,000 పౌండ్లు విడతలుగా పోగై ఉంది, మొదటి విడత ఐదేళ్ల గడువుకి దగ్గరపడుతోంది. ఇళ్లు వద్దని వాదించినవాళ్లే ఆ డబ్బుతో ఆటస్థలం కావాలన్నారు. అందులో తప్పేమీ కనిపించదు నాకు. కట్టేశాక వచ్చిన ఇళ్లూ ఊరివే, వాటిల్లోని పిల్లలూ ఊరి పిల్లలే.

ఆగస్టులో మీటింగ్ ఉండదు. ప్లానింగ్ దరఖాస్తులు మాత్రం ఆగవు, అందుకే ఆ నెలకు అభిప్రాయం పంపే అధికారం నాకు ముందే తీర్మానంతో ఇస్తారు.

సెప్టెంబర్: కొటేషన్లు, ఖాళీ సీటు

మా ఆర్థిక నిబంధనల ప్రకారం ఈ స్థాయి పనికి మూడు కొటేషన్లు కావాలి. కంపెనీలను పిలిచే ముందు ఒక పేజీ స్పెసిఫికేషన్ రాశాను: ఏ వయసు పిల్లలకు, స్థలం కొలత ఎంత, పాత ఫ్రేమ్ ఎవరు తీసుకెళ్లాలి, కింద నేల ఏ రకం, బిగించాక స్వతంత్ర ఇన్‌స్పెక్టర్‌తో తనిఖీ ఖర్చు కలిపి చెప్పాలి. ఈ పేజీ లేకపోతే వచ్చిన మూడు ధరలనూ పోల్చలేం. ఆటవస్తువు ధర అందరికీ కనిపిస్తుంది. కింద వేసే నేల ధర కనిపించదు, అసలు తేడాలు అక్కడే. పిల్ల ఎంత ఎత్తు నుంచి పడొచ్చో దాన్నిబట్టి నేల ఎంత మందం ఉండాలో మారుతుంది. అన్నిటికంటే తక్కువ ధర చెప్పిన కొటేషన్‌లో నేల పని సగమే ఉంది.

కర్రా, ఇనుమా అన్న చర్చ చాలాసేపు నడిచింది. చివరికి కర్ర స్తంభాలే, కానీ భూమిలోకి ఇనుప పాదాలతో దిగేవి ఎంచుకున్నారు. పాత ఫ్రేమ్ కుళ్లింది మట్టికి తగిలిన చోటే కాబట్టి అది సరైన నిర్ణయం. కొటేషన్ ఇచ్చిన కంపెనీల్లో ఒకదానితో ఒక కౌన్సిలర్ భర్తకు వ్యాపార సంబంధం ఉంది. ఆవిడ ముందే చెప్పి, ఆ అంశం వచ్చేసరికి గది బయటకు వెళ్లి కూర్చున్నారు, అది మినిట్స్‌లో రాశాం. చిన్న ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. ఎవరికీ ఏ సంబంధమూ లేని కౌన్సిల్ దొరకదు. సంబంధాన్ని బయటపెట్టి పక్కకు జరిగే అలవాటు ఉంటే చాలు.

అదే నెలలో ఒక కౌన్సిలర్ ఊరు మారి రాజీనామా ఇచ్చారు. ఖాళీ అయిందని నోటీసు పెట్టాలి. 14 పనిదినాల్లో పదిమంది ఓటర్లు అడిగితే ఎన్నిక, లేకపోతే కౌన్సిల్ తనే ఒకరిని ఎంచుకుని చేర్చుకోవచ్చు, దాన్ని కో-ఆప్ట్ చేసుకోవడం అంటారు. ఎవరూ అడగలేదు. కో-ఆప్ట్ అయినవాళ్లు ఎక్కువైతే ఒక నష్టం ఉంది. 2011 లోకలిజం చట్టం ఇచ్చిన విస్తృత అధికారం వాడుకోవాలంటే క్లర్క్‌కి అర్హత పరీక్ష పాసైన సర్టిఫికెట్ ఉండాలి, కౌన్సిల్‌లో మూడింట రెండొంతుల మంది ఎన్నికైనవాళ్లు ఉండాలి. పోటీ లేకుండా నెగ్గినా ఎన్నికైనట్టే, కో-ఆప్ట్ అయితే కాదు. మాకు ఆ అధికారం లేదు, అందుకే ప్రతి ఖర్చుకీ ఏ చట్టం కింద చేస్తున్నామో వెతికి చూపాలి. ఆటస్థలానికి 1976 నాటి చట్టంలో సెక్షన్ 19 ఉంది. చర్చి గడియారం రిపేరు అడిగితే 1957 చట్టం ఉంది.

ఇక్కడ మన తెలుగువాళ్లకు ఒక మాట. భారత పౌరసత్వంతో ఉన్నా, సరైన వీసా ఉంటే ఇంగ్లండ్‌లో కామన్‌వెల్త్ పౌరులుగా మీకు ఓటు ఉంది. శాశ్వత నివాస అనుమతి వస్తే పారిష్ కౌన్సిల్‌కి పోటీ కూడా చేయొచ్చు, ఖాళీ వస్తే కో-ఆప్ట్ కావొచ్చు. ఉద్యోగాల కోసం నగరాల చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు. ఊరి నోటీసుబోర్డు ఒకసారి చదివి చూడండి.

నవంబర్: పది పౌండ్లా, ఇరవై పౌండ్లా

నవంబర్ రెండో ఆదివారం యుద్ధ స్మారకం దగ్గర పూలచక్రం ఉంచుతాం, ఊరంతా వస్తుంది. ఆ తర్వాతి మీటింగే బడ్జెట్.

కావలసింది వ్యాట్ కాకుండా 24,000. సిల్ 8,000, ఆటస్థలం పేరున ఏళ్లుగా పక్కన పెట్టిన నిల్వ 6,000, తల్లిదండ్రుల విరాళం 4,000. ఇంకా 6,000 తక్కువ. మా ప్రిసెప్ట్ 18,000. ఊరి టాక్స్ బేస్ 300, అంటే ఇంటి విలువను బట్టి ఉండే పన్ను శ్రేణుల్లో మధ్యరకమైన బ్యాండ్ డి ఇళ్ల కింద లెక్కిస్తే 300 ఇళ్లకు సమానం. కాబట్టి బ్యాండ్ డి ఇంటికి ఏడాదికి 60 పౌండ్లు. మొత్తం 6,000 ప్రిసెప్ట్‌లో కలిపితే అది 80 అవుతుంది.

ఒక కౌన్సిలర్ గట్టిగా వ్యతిరేకించారు. పింఛను మీద బతికేవాళ్లు ఈ ఊళ్లో ఎక్కువ, అటు జిల్లా పన్ను, కౌంటీ పన్ను, పోలీసు పన్ను అన్నీ పెరుగుతున్నప్పుడు మనం మూడోవంతు పెంచడం అన్యాయం అన్నారు. ఇంకొకరు, చిన్న పిల్లలున్న కుటుంబాలు ఊరు వదిలిపోతే బడి మూతపడుతుంది, బడి పోతే ఊరి విలువ పోతుంది అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఇలాంటి సమయంలో క్లర్క్ ఏదో ఒక పక్షం పట్టకూడదు. రెండు పక్షాలూ ఒప్పుకోగల లెక్క ఏదైనా ఉంటే బల్ల మీద పెట్టాలి.

ఉంది. సాధారణ నిల్వ 9,000 ఉంది. చిన్న కౌన్సిళ్లు మూడు నుంచి పన్నెండు నెలల ఖర్చుకు సరిపడా సాధారణ నిల్వ ఉంచుకోవాలని మా రంగంలో వాడే మార్గదర్శి చెబుతుంది. మా ఏడాది ఖర్చు 18,000 కాబట్టి మూడు నెలలకు 4,500. నిల్వలోంచి 3,000 తీసినా 6,000 మిగులుతుంది, నాలుగు నెలలకు సరిపోతుంది. మిగతా 3,000 ప్రిసెప్ట్‌లో పెంచితే 21,000, ఇంటికి 70 పౌండ్లు. పెంపు పది పౌండ్లు. నిల్వ మూడు నెలల గీతకు దగ్గరగా వస్తుందని, రెండేళ్లలో మళ్లీ పెంచుకోవాలని కూడా రాతపూర్వకంగా చెప్పాను. మొదట వ్యతిరేకించిన కౌన్సిలరే ఆ షరతును తీర్మానంలో చేర్పించి అనుకూలంగా ఓటేశారు. ఆయన ఆ రోజు చేసింది మంచి ప్రజాప్రతినిధి చేసే పని. డబ్బు కాపలా కాశారు, దారి కనిపించాక అడ్డు తొలిగారు.

జనవరిలో ప్రిసెప్ట్ ఖరారు చేసి జిల్లాకు పంపాం. ఆ కాగితం వెళ్లాక అంకె పెంచడం కుదరదు.

చలికాలం నుంచి మళ్లీ మే దాకా

చలికాలంలో ఫోన్లన్నీ మా చేతిలో లేనివాటి గురించే: రోడ్డు గుంతలు, మంచు, వేగంగా వెళ్లే కార్లు. స్పీడ్ లిమిట్ మార్చే అధికారం పారిష్ కౌన్సిల్‌కి లేదు. ఎవరికి ఉందో, ఏ ఫారం నింపాలో చెప్పి పంపడం, అవసరమైతే కౌన్సిల్ తరఫున ఉత్తరం రాయడం, అంతే. ఈ పనికి బడ్జెట్‌లో పద్దు ఉండదు గానీ నా టైమ్ చాలావరకు దీనికే పోతుంది.

ఫిబ్రవరిలో ఆర్డర్ పెట్టాం, బిగింపు మాత్రం ఏప్రిల్‌కి అడిగాం. రెండు కారణాలు. తడి నేలలో తవ్వితే పక్కన గడ్డి మైదానం అంతా బురదవుతుంది. ఇంకొకటి, బిల్లు కట్టేటప్పుడు వ్యాట్‌తో కలిపి 28,800 మొత్తం చేతిలో ఉండాలి, వ్యాట్ తర్వాతే తిరిగొస్తుంది. ప్రిసెప్ట్ మొదటి సగం ఏప్రిల్‌లో జమ అవుతుంది కాబట్టి అప్పటికి ఖాతా తట్టుకుంటుంది. లెక్కలో డబ్బు ఉండటం వేరు, ఆ రోజున ఖాతాలో ఉండటం వేరు.

మార్చిలో వార్షిక పారిష్ సభ పెట్టాం. మార్చి 1, జూన్ 1 మధ్య ఎప్పుడైనా పెట్టొచ్చు, సాయంత్రం 6 గంటలకు ముందు మాత్రం మొదలుపెట్టకూడదు. ఇది కౌన్సిల్ మీటింగ్ కాదు, ఓటర్ల సభ. మన గ్రామసభతో పోల్చదగింది ఇదే. అక్కడ తల్లిదండ్రులు కొత్త ఫ్రేమ్ బొమ్మలు గోడకి అంటించారు. పది పౌండ్ల పెంపు మీద ఒక్క ప్రశ్నే వచ్చింది: ఇది ఒక్క ఏడాదికా, ఎప్పటికీనా? చైర్మన్ నిజాయితీగా చెప్పారు, పెంచింది వెనక్కి రాదు, నిల్వ పూడ్చడానికి, తర్వాత ఈ ఫ్రేమ్ మార్చడానికే వాడతామని. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ లేచి వెళ్లిపోలేదు.

ఏప్రిల్ చివర్లో బిగించారు. స్వతంత్ర తనిఖీలో ఒక బోల్టు మూత లేదని తేలింది, అది పెట్టించి, అంతా సరిగ్గా ఉందని రెండోసారి రాతపూర్వకంగా తీసుకున్నాకే కంచె విప్పించాను. రోజూ అటు వెళ్లే పిల్లలు కంచె బయట నిలబడి ఎప్పుడని అడుగుతుంటే ఆ నాలుగు రోజులూ నాకూ టెన్షన్‌గానే ఉంది, అయినా కాగితం లేకుండా తెరవకూడదు.

మేలో మళ్లీ వార్షిక సమావేశం. ఫ్రేమ్‌ను ఆస్తుల రిజిస్టర్‌లో కొన్న ధరకు ఎక్కించాం, ఇన్సూరెన్స్‌లో చేర్చాం, వ్యాట్ క్లెయిమ్ పంపాం. తయారీదారు చెప్పిన ఆయుష్షు ఇరవై ఏళ్లు, కాబట్టి ఏటా 1,200 పౌండ్లు ఆటస్థలం నిల్వలోకి వేయాలని తీర్మానం అయింది. కొత్తగా కో-ఆప్ట్ అయిన కౌన్సిలర్ దాన్ని ప్రతిపాదించారు. బడ్జెట్ షీట్‌లో ఇప్పుడు అది ఏడో పద్దు, గడ్డి కోత తర్వాత, వీధి దీపాలకు ముందు.